అంకమ్మరావు కుడి కన్ను

విజయవాడ వన్‌టౌన్‌లో వేణుగోపాల్ చేనేత బట్టల హోల్‌సేల్ కొట్టు పైఅంతస్తులో మోకాలెత్తు బల్ల ఒకటి ఉంది. పొడవు ఇరవై అడుగులు. పెడన నుంచీ ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చిన ప్రతి చీరా ముందు ఆ బల్ల మీద పడాలి. ఇద్దరు పనివాళ్లు రెండు కొసలూ పట్టుకుని బిగుతుగా పరుస్తారు. అప్పుడు అంకమ్మరావు బల్ల మొదట్లో గొంతుక్కూర్చుని, గడ్డం బల్లకి ఆనించి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో అంచు వెంట ఆ కొస దాకా ఒక్క చూపు చూస్తాడు. "ఊఁ" అంటే చీర మడతలోకి వెళ్తుంది. ఏమీ అనకుండా లేచి మోకాళ్లు దులుపుకున్నాడంటే నేసినవాళ్ల ఇంటికి తిరిగి వెళ్తుంది. ఇరవై ఆరేళ్లుగా ఇదే పద్ధతి. ఆ చూపు మీద అప్పీలు లేదు.

ఆ ఒంటికన్ను చూపు ఆయనకి తండ్రి నేర్పాడు. తండ్రి పెడనలో మగ్గం నేసేవాడు. "రెండు కళ్లతో చూస్తే అన్నీ బాగానే ఉంటాయిరా" అని చెప్పి, పదేళ్ల పిల్లవాడి ఎడమ కన్ను తన బొటనవేలితో మూసి అంచు చూపించాడు. ఆ తర్వాత ఆ కన్ను దానంతటదే మూసుకోవటం అలవాటైంది. కుడి కన్ను ఒక్కదాన్నే మూయటం మాత్రం అంకమ్మరావుకి చేతకాదు. ప్రయత్నిస్తే రెండూ మూసుకుంటాయి, పైగా నోరు తెరుచుకుంటుంది. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు కాబట్టి ఆయన దాన్ని లోపంగా లెక్కవేసుకోలేదు.

పెళ్లిచూపుల నాడు చౌడేశ్వరి కట్టుకొచ్చిన చీర అంచు మీదికి ఆయన చూపు పోయింది. చూపుతోపాటు ఎడమ కన్ను మూతపడింది. పెళ్లికూతురి అన్నయ్య కుర్చీలోంచి లేచాడు. "కుచ్చెళ్ల దగ్గర అంచులో రెండు పోగులు పక్కకి జరిగినయ్యండీ" అని అంకమ్మరావు వివరణ ఇచ్చుకున్నాక గానీ ఆ అన్నయ్య మళ్లీ కూర్చోలేదు. పోగులు నిజంగానే జరిగి ఉన్నాయి. "ఆ రోజు నన్ను చూసిందెప్పుడు గనక" అని చౌడేశ్వరి ఇప్పటికీ అంటుంది.

బట్టలో తప్పు కనిపిస్తే అంకమ్మరావు దాన్ని ఊరికే వదలడు. ప్రతి తప్పుకీ ఒక కారణం ఉంటుంది, ప్రతి కారణం వెనకా ఒక మనిషి ఉంటాడు అన్నది ఆయన నమ్మకం. అడ్డపోగుల పేక వదులైతే నేసినవాడు ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. రంగు చారలు పడితే అద్దకం చేసినవాడు నీళ్లు పొదుపు చేశాడు. మనిషి దొరికేదాకా ఆయనకి అన్నం సహించదు.

ఈ ఏడాది శ్రావణమాసం సరుకు వస్తున్న రోజుల్లో తప్పులు ఎక్కువయ్యాయి.

మొదట రంగు. చీరలన్నీ కాస్త వెలిసినట్టు, మధ్యలో మసకేసినట్టు కనిపించాయి. ట్యూబ్‌లైట్ల తప్పని నాలుగూ మార్పించాడు. తర్వాత పన్నా తగ్గినట్టనిపించింది. టేపు పెట్టి కొలిస్తే సరిగ్గానే ఉంది. టేపు సాగిపోయిందని కొత్తది తెప్పించాడు. ఆ తర్వాత అంచులు. అంచు తిన్నగా వచ్చి వచ్చి, సరిగ్గా ఆయన చూపు నిలిచిన చోట చిన్న వంపు తిరిగి, మళ్లీ తిన్నగా పోతోంది. ఒక్క వారంలో ముప్పై ఒక్క చీరలు వెనక్కి వెళ్లాయి. వాటిలో పదకొండు మణెమ్మవి.

మణెమ్మ పెడనలో కూతురు నాగదుర్గతో కలిసి రెండు మగ్గాలు నడుపుతుంది. అంకమ్మరావు కన్నా తొమ్మిదేళ్లు పెద్ద. ఆయన తండ్రి మగ్గం పక్క మగ్గం మీదే పని నేర్చుకుంది. ముప్పై ఏళ్లలో ఆమె చీర ఒక్కటి తిరిగొచ్చిన దాఖలా లేదు.

వేణుగోపాల్‌కి కాస్త అనుమానం వచ్చింది. ముప్పై అయిదేళ్లవాడు, నెమ్మదస్తుడు, తండ్రి నాటి మనిషిని ఎదిరించటం ఇష్టం లేనివాడు. చీరని ఫోన్‌తో ఫొటో తీసి చూపించాడు.

"ఇందులో తిన్నగానే ఉంది గదండీ, అంకమ్మరావు గారూ."

"ఫోన్‌లో అందరూ అందంగానే ఉంటారు బాబూ."

"పోనీ మామూలుగా రెండు కళ్లతో చూడండి ఒకసారి."

"రెండు కళ్లతో చూసేది కొనుక్కునేవాళ్లు. మనం కాదు."

పటమటలో ఇంట్లోనూ ఇదే వరస. గోడకి బిగించిన పుస్తకాల బీరువా అడుగు చెక్క పైకి ఉబ్బిందన్నాడు. వడ్రంగి వచ్చి చూసి, ఏమీ లేదండీ అన్నాడు. అయినా ఊరుకోలేదు కాబట్టి చెక్క ఊడదీసి తిరగేసి బిగించాడు. అంకమ్మరావు ఎడమ కన్ను మూసి చూశాడు.

"ఇప్పుడూ పైకే ఉబ్బింది."

"తిరగేశానండీ. ఇందాక పైకి ఉబ్బితే ఇప్పుడు కిందికి ఉబ్బాలి గదా?"

"అదే నేనూ అడుగుతున్నా. ఎట్టా బిగించావ్?"

వడ్రంగి చౌడేశ్వరి వైపు చూశాడు. చౌడేశ్వరి సీలింగ్ వైపు చూసింది. ఈ రెండు నెలలుగా మొగుడితో వాదించటం ఆమె మానేసింది. ఆయన తెల్లవారుజామున మూడింటికే లేచి ఫ్యాన్ రెక్కలు తుడుస్తున్నాడు. పూటకి రెండుసార్లు తింటున్నాడు. చీటికీ మాటికీ కసురుకుంటున్నాడు. కానీ మొహం మాత్రం గుండ్రంగా నిండి, పెళ్లినాటి ఫొటోలో కూడా లేని కళ వచ్చింది. "ఏం తినిపిస్తున్నావమ్మా" అని పక్కింటి ఆవిడ అడిగితే చౌడేశ్వరికి గర్వంగానే ఉంది.

శ్రావణం ఇంకా వారం ఉందనగా అంకమ్మరావు పెడనకి కబురు పెట్టాడు: అంచులు చక్కబడేదాకా మణెమ్మ మగ్గాలకి కొత్త పడుగు నూలు ఇవ్వరు.

మర్నాడు పది గంటలకి మణెమ్మ తిరిగొచ్చిన చీరల్లో ఒకటి సంచిలో పెట్టుకుని, మెట్లెక్కి, బల్ల దగ్గరికి వచ్చింది. వేరే ఊళ్ల నేతగాళ్లు అయిదారుగురు అక్కడే సరుకుతో కూర్చుని ఉన్నారు.

"తమ్ముడూ, నా అంచు వంకరన్నావంట."

"అన్నానక్కా. ఉన్నమాటే అన్నా."

"సరే. అందరూ ఉండగానే తేల్చుకుందాం. నా అంచు వంకరైతే మగ్గం దిగి ఇంట్లో కూర్చుంటా. కాకపోతే నువ్వు ఈ బల్ల ముందునుంచి లేచి పో."

వేణుగోపాల్ గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చాడు. అంకమ్మరావుకి ఆ బల్ల మొదలు తప్ప వేరే చోటు తెలియదు. అయినా తడుముకోలేదు.

"కానీ. పరవండి."

చీర పరిచారు. మణెమ్మ నడుముకి దోపుకున్న కండె తీసి, దారం ఒక కొస బల్ల ఆ చివర మేకుకి కట్టింది. దారాన్ని తడిచేసి, అంచు పక్కనే ఈ చివర దాకా తెచ్చి, బిగించి పట్టుకుంది. "ఇప్పుడు చూడు. దారానికీ అంచుకీ ఎక్కడ తేడా ఉందో చెప్పు."

అంకమ్మరావు గొంతుక్కూర్చున్నాడు. గడ్డం ఆనించాడు. ఎడమ కన్ను మూశాడు. చాలాసేపు చూశాడు.

"తేడా లేదు" అన్నాడు చివరికి.

"మరి?"

"దారం కూడా వంకరే."

ఎవరూ నవ్వలేదు. వేణుగోపాల్ నెమ్మదిగా, "లాగి పట్టిన దారం వంకరెట్టా ఉంటదండీ?" అన్నాడు.

"సరిగ్గా లాగలేదు. ఇంకాస్త లాగక్కా."

మణెమ్మ లాగింది.

"ఇంకాస్త."

లాగింది.

"ఊఁహూఁ. ఇంకా వంపుంది. గట్టిగా లాగు."

దారం పుటుక్కున తెగింది. అంకమ్మరావు ఎడమ కన్ను మూసుకునే ఉన్నాడు. తెగిన దారం లేని చోట బల్ల అంచు కనిపించింది. అది ఇరవై ఆరేళ్లుగా తెలిసిన టేకు బల్ల. దాని అంచు కూడా అదే చోట వంపు తిరిగి ఉంది.

నేతగాళ్లలో ఒకాయన, "బల్ల ఎవరు నేశారో కనుక్కోండి" అన్నాడు. అప్పుడు నవ్వారు.

మణెమ్మ నవ్వలేదు. "తమ్ముడూ, ఆ కన్ను మూసి ఈ కంటితో చూడు."

అంకమ్మరావు కుడి కన్ను మూయబోయాడు. రెండూ మూసుకున్నాయి. నోరు తెరుచుకుంది. రెండోసారీ అంతే. మణెమ్మ ఆయన వెనక్కి వచ్చి తన అరచేయి ఆయన కుడి కంటి మీద అదిమింది. చేతికి గంజి వాసన ఉంది. ఎడమ కన్ను తెరుచుకుంది. జీవితంలో మొదటిసారి ఆ కన్ను ఒంటరిగా ఒక అంచుని చూసింది.

అంచు మగ్గం మీంచి దిగినంత తిన్నగా ఉంది. చీర రంగు కూడా మసకగా లేదు. మార్పించిన ట్యూబ్‌లైట్లు చాలా బాగా వెలుగుతున్నాయి.

ఆయన లేచాడు. అలవాటుగా మోకాళ్లు దులుపుకున్నాడు. ఆ కొట్టులో దాని అర్థమేమిటో అందరికీ తెలుసు కాబట్టి, తిప్పి పంపుతున్నది ఈసారి ఎవరిని అన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

మర్నాడు చౌడేశ్వరిని వెంటబెట్టుకుని కంటి ఆసుపత్రికి వెళ్లాడు. రెటీనా డాక్టర్ జ్యోతిర్మయి అరచేతిలో పట్టేంత కార్డు ఒకటి ఇచ్చింది. తెల్ల కాగితం మీద సన్నటి నల్ల గళ్లు, నడుమ ఒక చుక్క. నర్సు ఎడమ కంటికి మూత పెట్టింది.

"చుక్కనే చూస్తూ, గీతలు ఎలా ఉన్నాయో చెప్పండి."

అంకమ్మరావుకి కాస్త ప్రాణం లేచొచ్చింది. ఇది తెలిసిన పని. "గళ్లు సమానంగా లేవండీ. నడిమి నాలుగు వరసలూ లోపలికి లాక్కుపోయినయ్యి. అక్కడ మసకగా కూడా ఉంది. ఈ సరుకు నేనైతే తీసుకోను."

మూత రెండో కంటికి మారింది.

"ఇది బాగుంది. ఇందాకటి కార్డు మార్చి మంచిపని చేశారు."

"అదే కార్డండీ" అంది డాక్టర్.

తర్వాత యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. గడ్డం ఆనించటంలో ఆయనకున్న అనుభవం చూసి టెక్నీషియన్ మెచ్చుకున్నాడు. స్కాన్ తెర మీదికి వచ్చింది. పొరలు పొరలుగా ఉన్న ఒక చార. మధ్యలో పైపొర చిన్న బుడగలా లేచి ఉంది.

"కంటి వెనక రెటీనా అనే పొర ఉంటుందండీ. మీరు చూసే బొమ్మ దాని మీద పడుతుంది. దాని కింద కాస్త నీరు ఊరింది. పొర ఉబ్బింది. ఉబ్బిన పొర మీద పడిన గీత వంకరగానే కనిపిస్తుంది. వస్తువులు చిన్నవిగా, రంగు వెలిసినట్టుగా కూడా ఉండొచ్చు. సెంట్రల్ సీరస్ అంటారు."

అంకమ్మరావు ఆ బుడగని పరీక్షగా చూశాడు. గంజి సరిగా పట్టని బట్ట ఇస్త్రీకి అక్కడక్కడ ఇలాగే పొంగుతుంది. "దీనికి కారణం ఎవరండీ?" అని అడిగాడు.

"ఎవరు కాదండీ, ఏమిటి. ఒక్కటే అని కూడా చెప్పలేం. ఇది ఆడవాళ్లకన్నా మగవాళ్లలో ఎక్కువ. ముప్పై నుంచి యాభై అయిదు లోపు ఎక్కువ. మీకెన్నేళ్లు?"

"నలభై తొమ్మిది."

"నిద్ర ఎలా పడుతోంది?"

"మూడింటికి లేచి ఫ్యాన్లు తుడుస్తున్నారండీ" అంది చౌడేశ్వరి.

"టెన్షన్ ఎక్కువా?"

"నాకేం టెన్షనండీ" అన్నాడు అంకమ్మరావు.

"ఆయనకుండదండీ. మిగతావాళ్లకి."

డాక్టర్ రాసుకుంటూనే చెప్పింది. "కొంతమందికి ప్రతి పనీ తమ చేతి మీదుగానే జరగాలని ఉంటుంది. ఎవరినీ నమ్మరు. చిన్న తేడా ఉన్నా నిద్రపట్టదు. అలాంటివాళ్లలో ఇది ఎక్కువ కనిపిస్తుందని అంటారు."

చౌడేశ్వరి కుర్చీ ముందుకి జరుపుకుంది. "డాక్టర్ గారూ, ఆ ముక్క ఇంకోసారి చెప్తారా? ఆయన కార్డు చూస్తున్నారు, సరిగ్గా విన్నట్టు లేరు."

డాక్టర్ ఓపిగ్గా మళ్లీ చెప్పింది. అంకమ్మరావు కార్డుని తిరగేసి వెనకవైపు చూశాడు.

"ఇప్పుడు అసలు ప్రశ్న. స్టెరాయిడ్ మందులేమైనా వాడుతున్నారా? మాత్రలు, ఇంజెక్షన్లు, ఆయాసానికి పీల్చేవి, ముక్కులో స్ప్రే, తామరకి రాసుకునే క్రీము కూడా లెక్కే."

"నేను ఇంగ్లీషు మందు ముట్టనండీ."

డాక్టర్ ఆయన మొహం కేసి చూసింది. "ఈమధ్య ఒళ్లు చేశారా?"

"రెండు నెలల్లో కాస్త నిండుగా వచ్చారండీ" అంది చౌడేశ్వరి, ఇంకా గర్వంగానే. "ఆకలి బాగా పెరిగింది."

"రెండు నెలల కిందట ఏం మొదలుపెట్టారు?"

మొగుడూ పెళ్లామూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అంకమ్మరావు జేబులోంచి చిన్న కాగితప్పొట్లం తీశాడు. ఇరవై ఆరేళ్లు గొంతుక్కూర్చున్న మోకాళ్లు నొప్పులు పెడితే, కంకిపాడులో కారులో వచ్చి అమ్మే ఒక పెద్దమనిషి దగ్గర కొన్నాడు. ఆకులూ వేళ్లూ తప్ప మరేమీ లేవట. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మజ్జిగలో. నాలుగో రోజుకి మోకాళ్లు పాతికేళ్ల కుర్రాడివైపోయాయి.

"అద్భుతమైన పొడండీ" అన్నాడు, ఎక్కడున్నాడో మరిచిపోయి. "మీకూ మోకాళ్లు ఇబ్బందిగా ఉంటే చెప్పండి, రేపు కంకిపాడు వెళ్తున్నా."

జ్యోతిర్మయి పొట్లం అందుకుని టేబుల్ మీద పెట్టింది. "పరీక్ష చేయించకుండా ఇందులో ఏముందో నేను చెప్పలేను. కానీ నాలుగు రోజుల్లో నొప్పి మాయం చేసే ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మటం కొత్త కాదండీ. ఆకలి, నిద్ర లేకపోవటం, చిరాకు, గుండ్రటి మొహం, అన్నీ దానికి సరిపోతున్నాయి. ఈ కంటి జబ్బుకి అది పెద్ద కారణాల్లో ఒకటి."

చౌడేశ్వరి మొగుడి మొహంలోని కళని కొత్తగా చూసింది.

"ఇప్పుడే పారేస్తా" అన్నాడు అంకమ్మరావు.

"అదే వద్దు. రెండు నెలలు వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. ఇవాళే జనరల్ డాక్టర్‌ని కలవండి, బీపీ, షుగర్ చూపించుకోండి. ఎలా తగ్గించాలో ఆయన చెప్తారు. కన్ను చాలామందికి మూడు నాలుగు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. నెలనెలా వచ్చి చూపించుకోండి. నీరు తగ్గకపోతే వేరే వైద్యం ఉంది. ఈలోగా నిద్రపోండి."

"అంటే, తప్పు ఆ పొడమ్మినవాడిదేనంటారు."

"పొడి ఒక్కటే అని నేననలేదండీ. అన్నీ కలిసి ఉండొచ్చు."

బయటికి వచ్చాక ఆయన కాసేపు మెట్ల మీద నిలబడ్డాడు. వయసు తనది. నిద్ర తనది. ఎవరినీ నమ్మని గుణం తనది. పొడి అమ్మినవాడు ఎవడైనా, కొన్నది తను, పదిమందికి చెప్పింది తను. ఇన్ని కారణాలు దొరికీ వాటి వెనక వేరే మనిషి ఒక్కడూ లేకపోవటం ఆయన వృత్తిలో ఇదే మొదలు.

"ఆకలేస్తోందా?" అంది చౌడేశ్వరి.

"వేస్తోంది. కానీ అది నాది కాదంట."

ఆ శుక్రవారం పెడన వెళ్లాడు. అప్పటికే జనరల్ డాక్టర్ పొడిని ఆపించి, దాని బదులు లెక్కగా మోతాదు తగ్గించుకుంటూ పోయే మాత్రలు రాశాడు. మోకాళ్లు అప్పుడే పాత నొప్పిని గుర్తుచేయటం మొదలుపెట్టాయి. మణెమ్మ ఇంట్లో మగ్గం గుంట దగ్గర నిలబడి, వీధి అరుగు మీదివాళ్లకి కూడా వినిపించేలా చెప్పాడు.

"అక్కా, వంకర నీ అంచులో లేదు. నా కంట్లో ఉంది. డాక్టరమ్మ బొమ్మ తీసి చూపించింది. ముప్పై ఒక్క చీరలూ తీసుకోమని వేణుగోపాల్‌కి చెప్పా. పడుగు రేపు వచ్చిద్ది. నేను బల్ల దగ్గర్నుంచి లేచిపోయా."

మణెమ్మ మగ్గం ఆపలేదు. "నువ్వు లేస్తే ఎవరు కూర్చుంటారంట?"

"వేణుగోపాల్ చూస్తాడు."

"ఆ అబ్బాయి రెండు కళ్లతో చూస్తాడు. అన్నిటికీ ఊఁ అంటాడు. పక్క వీధివాళ్ల చీరలు కూడా నా చీరలతో సమానం అయిపోతాయి." ఆమె నాడె ఆపి ఇటు తిరిగింది. "రెండో కన్ను బాగానే ఉంది గదా?"

"ఉంది. కానీ నాకు ఈ కన్ను మూయటం రాదు గదక్కా."

"నీకు రాకపోతే మేం మూస్తాం."

ఆ విధంగా వేణుగోపాల్ కొట్టులో కొత్త పద్ధతి మొదలైంది. అంకమ్మరావు కోసం బల్లని ఎత్తు చేయించి, ముందు ఒక స్టూలు వేశారు. చీర ఎవరిదైతే వాళ్లు వెనక నిలబడి, తమ అరచేత్తో ఆయన కుడి కన్ను మూయాలి. అప్పుడు ఎడమ కంటితో ఆయన తీర్పు చెప్పాలి. నల్ల అట్టముక్క ఒకటి కొనిపెడతానని వేణుగోపాల్ అన్నాడు గానీ నేతగాళ్లు ఒప్పుకోలేదు. కొందరి చేతులకి రంగు అంటుకుని ఉండేది. తిరిగొచ్చిన ముప్పై ఒక్క చీరలవాళ్లు అవసరానికి మించి అదిమేవాళ్లు. అంకమ్మరావు ఏమీ అనేవాడు కాదు. తిప్పి పంపాల్సిన చీరైతే పంపేవాడే. కాకపోతే మోకాళ్లు దులపటం మానేసి, ఎక్కడ ఏ పోగు జరిగిందో నోటితో చెప్పటం నేర్చుకున్నాడు.

బుగ్గలు తగ్గాయి. పక్కింటి ఆవిడ, "ఆయనకి ఒంట్లో బాగుండటం లేదా" అని అడిగింది. బీరువా చెక్క తిరగేసే ఉంది. మళ్లీ సరిగ్గా బిగించమని వడ్రంగికి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

నాలుగో నెల స్కాన్‌లో బుడగ లేదు. కార్డు మీద గళ్లు తిన్నగా ఉన్నాయి. మళ్లీ రాదని చెప్పలేనన్న డాక్టర్, కార్డు ఆయనకే ఇచ్చి, వారానికోసారి ఏ కంటికాకన్ను మూసి చూసుకోమంది. అందుకు చౌడేశ్వరి చేయి సాయం కావాలని ఇద్దరూ ఒప్పుకున్నారు.

సోమవారం బల్ల దగ్గర ఆయన ఆ మాట చెప్పాడు. "కన్ను బాగైపోయింది. ఇంక ఎవరూ మూయక్కర్లేదు."

మొదటి చీర మణెమ్మది. ఆమె మాట్లాడకుండా వచ్చి వెనక నిలబడింది. అంకమ్మరావు స్టూలు మీద కూర్చుని, గడ్డం ఆనించి, ఎడమ కన్ను మూశాడు. అంచు తిన్నగా, పాతకాలంలోలాగా, ఆ కొస దాకా పోయింది. ఆయన నోరు తెరవబోయేంతలో గంజి వాసన వచ్చింది. అరచేయి కుడి కంటి మీద పడింది.

"బాగైందన్నాగదక్కా."

"విన్నా. ఆ కంటితో కూడా చెప్పు."

ఆయన ఎడమ కన్ను తెరిచి చూశాడు.

"ఊఁ" అన్నాడు.